జప్తు చేసిన సొత్తు వేలం ఎక్కడ జరగాలి?

పేదవాడి అప్పు గురించి మాట్లాడేటప్పుడు మనం వడ్డీ గురించి మాట్లాడతాం. ప్రామిసరీ నోటు మీద వేయించుకున్న వేలిముద్ర గురించి మాట్లాడతాం. కోర్టు డిక్రీ గురించి మాట్లాడతాం. డిక్రీ అయిపోయిందంటే ఇక చేసేదేమీ లేదని చేతులు ముడుచుకు కూర్చుంటాం. కాని డిక్రీ తర్వాత జరిగే దోపిడీ తక్కువేమీ కాదు. ఎద్దుల జత, ధాన్యం కుప్ప, ఆయిలింజను, ఇంట్లో కుట్టుమిషను జప్తు అయిన తర్వాత వాటిని ఎక్కడ వేలం వేస్తారు, ఎవరి ఎదుట వేస్తారు, ఎంతమందికి తెలిసేలా వేస్తారు అన్నదాన్ని బట్టి వాటికి ధర వస్తుంది. నలభై వేలు చేసే ఎద్దుల జత పది వేలకు పోయిందనుకోండి, ఆ తక్కువ పడ్డ ముప్పై వేలూ మన ఖాతాలో బాకీగానే ఉంటాయి. సొత్తూ పోతుంది, అప్పూ మిగులుతుంది.

"స్థలానిదేముంది, ఎక్కడ పెడితే ఏం?" అని మన కార్యకర్తల్లోనే కొందరు అంటుంటారు. ఊరి మధ్య పెడితే ఊరంతా చూస్తుంది. ఎద్దు ఎన్ని పళ్ళదో, ఇంజను ఏ సంవత్సరం కొన్నదో ఊళ్ళో అందరికీ తెలుసు. పక్క రైతు న్యాయమైన పాట పాడతాడు. అదే సొత్తును లారీ ఎక్కించి యాభై మైళ్ళ దూరాన ఉన్న పట్నంలో పెడితే అక్కడికి వచ్చేది నలుగురు దళారులు. ఆ నలుగురూ ముందే కూడబలుక్కుని వస్తారు. కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని బాకీదారు అక్కడికి పోలేడు. పోయినా ఒంటరివాడే.

వేలం స్థలానికి ఎంత విలువ ఉందో 1930లలో అమెరికా రైతులు చేసి చూపించారు. ఆ చరిత్ర మనవాళ్ళు తెలుసుకోవాలి. అందులో వాళ్ళ విజయమూ ఉంది, వాళ్ళ లోపమూ ఉంది.

షెరిఫ్ వేలం

అమెరికాలో రాష్ట్రాలను కౌంటీలుగా విడగొట్టారు. కౌంటీకి ఒక షెరిఫ్ ఉంటాడు. పోలీసు అధికారీ ఆయనే, కోర్టు డిక్రీలను అమలు చేసేదీ ఆయనే. మన కోర్టు అమీనా పనీ, పోలీసు పనీ ఒకే మనిషి చేతిలో ఉన్నాయనుకోండి. చాలా రాష్ట్రాల్లో ఈ షెరిఫ్‌ను ప్రజలు ఓట్లేసి ఎన్నుకుంటారు.

బాకీదారు చరాస్తిని, అంటే పశువుల్ని, పనిముట్లను, సామాన్లను షెరిఫ్ జప్తు చేసి వేలం వేస్తే దాన్ని షెరిఫ్ వేలం అంటారు. అది ఎక్కడ జరగాలన్నదానికి ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానికి ఉన్నాయి. న్యూయార్కు చట్టం ప్రకారం సొత్తు ఏ కౌంటీలో షెరిఫ్ చేతికి చిక్కిందో ఆ కౌంటీలోనే అమ్మాలి. వేలం జరిగే ఊళ్ళో మూడు బహిరంగ స్థలాల్లో కనీసం ఆరు రోజుల ముందు నోటీసు అంటించాలి. షెరిఫ్ గాని, ఆయన కింది ఉద్యోగి గాని కొనకూడదు. కాలిఫోర్నియాలోనూ సొత్తు ఉన్న కౌంటీలోనే, ఉదయం 9 గంటలకూ సాయంత్రం 5 గంటలకూ మధ్య అమ్మాలి. రెండు చోట్లా ఒక నిబంధన సమానం: చేతికి అందించగల సొత్తయితే వేలానికి వచ్చినవాళ్ళ కళ్ళ ఎదుట ఉండాలి.

ఈ నిబంధనలు రైతు మీద ప్రేమతో రాసినవేమీ కావు. సరుకు కంటికి కనిపిస్తే పాట పెరుగుతుంది, పాట పెరిగితే అప్పిచ్చినవాడి బాకీ ఎక్కువ వసూలవుతుంది. అసలు ఉద్దేశం అది. అయితే పశువుల్నీ, కోత యంత్రాల్నీ, మొక్కజొన్న గాదెల్నీ జనం కళ్ళ ఎదుట పెట్టాలంటే అన్నిటికన్నా సులువైన చోటు రైతు పొలమే. అందుకని వేలం పొలం దగ్గర పెట్టేవారు. షావుకారు లాభం కోసం ఏర్పడిన ఆ పద్ధతే రైతు చేతికి ఆయుధమైంది.

కాణీ వేలాలు

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోగానే అమెరికాలో పంటల ధరలు కూలిపోయాయి. 1919లో బుషెల్ గోధుమ రెండు డాలర్ల పైన పలికింది. 1932 నాటికి నలభై సెంట్లకు దిగింది. ధర బాగున్న రోజుల్లో తెచ్చిన అప్పు మాత్రం తగ్గలేదు. మొక్కజొన్న అమ్మితే బొగ్గు కొనడానికి కూడా రాదని కొన్నిచోట్ల దాన్నే పొయ్యిలో పెట్టారు. బ్యాంకులు మూతపడ్డాయి. మూతపడ్డ బ్యాంకుల తరఫున అధికారులు రైతుల పశువుల మీదా పనిముట్ల మీదా పడ్డారు.

అప్పుడు నెబ్రాస్కా, అయోవా, మిన్నెసోటా ప్రాంతాల రైతులు ఒక ఉపాయం పన్నారు. ఫలానా రైతు పొలంలో వేలం అని నోటీసు అంటించగానే చుట్టుపక్కల ఊళ్ళ రైతులు వందల సంఖ్యలో అక్కడికి చేరేవారు. వేలం పాటగాడు ఆవును ముందుకు తెచ్చి పాట అడిగితే ఒకడు పది సెంట్లు అనేవాడు. రెండో పాట ఉండదు. నాగలికి ఐదు సెంట్లు. గుర్రానికి పావలా. తెలియక ఎవరైనా బయటివాడు పాట పెంచబోతే పక్కవాడు భుజం మీద చెయ్యి వేసేవాడు. కొట్టం దూలానికి వేలాడదీసిన ఉరితాడు కొన్నిచోట్ల ఆ పని చేసేది. వేలం అయిపోయాక కొన్నవాళ్ళు కొన్నవన్నీ ఆ రైతుకే తిరిగి ఇచ్చేసేవారు. పెన్నీ అంటే సెంటు, డాలరులో నూరో వంతు. అందుకే వీటికి పెన్నీ వేలాలని పేరు వచ్చింది. మన పాత లెక్కలో చెప్పుకుంటే కాణీ వేలాలు. నెబ్రాస్కాలో ఇలాంటి తొలి వేలాల్లో ఒకదానిలో మొత్తం కలిపి వసూలైంది 5 డాలర్ల 35 సెంట్లు.

చట్టప్రకారం నోటీసు పడింది, బహిరంగంగా పాట జరిగింది, ఎక్కువ పాట పాడినవాడికే సొత్తు దక్కింది. షెరిఫ్‌కు కాదనడానికి కాగితం మీద కారణం దొరకదు. పైగా ఆ గుంపులో ఉన్నవాళ్ళంతా ఆయన ఓటర్లు.

వేలం ఆ రైతు పొలంలో జరగబట్టే ఇదంతా సాధ్యమైంది. పొలం దగ్గరైతే ఇరుగుపొరుగు ఉంటారు. దూరాన ఉన్న గోదాములో పెట్టి ఉంటే ఆ ఐదు సెంట్ల పాట ఎవరు పాడతారు?

కోర్టు మెట్ల మీద

భూముల వేలాలు మాత్రం సాధారణంగా కౌంటీ కోర్టు గుమ్మం దగ్గర జరిగేవి. అక్కడికి వెళ్ళాలంటే ముందుగా కూడగట్టుకుని దండుగా వెళ్ళాలి. 1932 మే నెలలో అయోవాలో మైలో రెనో నాయకత్వాన ఫార్మర్స్ హాలిడే అసోసియేషన్ ఏర్పడింది. ఆ సంఘం ఈ పని చేసింది. 1933 జనవరిలో అయోవాలోని లె మార్స్ పట్నంలో కోర్టు మెట్ల మీద ఒక రైతు భూమి వేలానికి వచ్చింది. బాకీకన్నా తక్కువకు పాడి, మిగిలిన బాకీ కింద ఆ రైతు చరాస్తిని కూడా లాక్కోవచ్చని బీమా కంపెనీ చూసింది. వందలాది రైతులు ఆ కంపెనీ వకీలును చుట్టుముట్టారు. బాకీ మొత్తానికీ పాట పాడటానికి కంపెనీ అనుమతి తెప్పించుకునే దాకా అతన్ని వదలలేదు.

అదే సంవత్సరం ఏప్రిల్ 27న లె మార్స్‌లోనే రైతులు జడ్జిని కోర్టు హాలు నుంచి లాక్కుపోయి, మెడకు తాడు తగిలించారు. చంపకుండా వదిలేశారు. అదే వారంలో డెనిసన్ దగ్గర ఒక పొలంలో మొక్కజొన్న వేలం వేయబోతే షెరిఫ్ మనుషులకూ రైతులకూ కొట్లాట జరిగింది. సైనిక దళాలు దిగాయి, అరెస్టులు జరిగాయి. జడ్జి మీద చెయ్యి చేసుకోవడంతో సానుభూతిపరులు కూడా కొందరు దూరమయ్యారు. మన ఆవేశపరులు ఇది గమనించాలి.

ఏదేమైనా ఉద్యమం ఫలితం ఇచ్చింది. 1933 ఫిబ్రవరిలో నెబ్రాస్కా రాజధాని లింకన్‌కు వేలాదిగా రైతులు కదిలారు. ఆ ఏడాదే నెబ్రాస్కా, అయోవా, మిన్నెసోటా రాష్ట్రాలు తాకట్టు వేలాలను నిలుపు చేసే మారటోరియం చట్టాలు చేశాయి. మిన్నెసోటా చట్టం మీద అప్పిచ్చినవాళ్ళు సుప్రీంకోర్టు దాకా పోయారు. 1934 జనవరిలో అయిదుగురు జడ్జీలు ఒక వైపూ నలుగురు మరో వైపూ నిలిచి, ఆ చట్టం చెల్లుతుందని తీర్పు వచ్చింది.

రీల్‌టౌన్‌లో ఏం జరిగింది

ఇప్పటిదాకా చెప్పింది తెల్ల రైతుల సంగతి. వాళ్ళలో ఎక్కువమంది సొంత భూమి ఉన్నవాళ్ళు, ఓటు ఉన్నవాళ్ళు. దక్షిణాది రాష్ట్రం అలబామాలో నల్లజాతి కౌలుదారుల వాకిట్లోకి షెరిఫ్ మనుషులు వచ్చినప్పుడు జరిగింది వేరు.

1932 డిసెంబర్ 19న అలబామాలోని రీల్‌టౌన్ దగ్గర క్లిఫ్ జేమ్స్ అనే నల్లజాతి రైతు పశువుల్ని జప్తు చేయడానికి షెరిఫ్ మనిషి కాగితం పట్టుకుని వచ్చాడు. పాలికాపుల సంఘం సభ్యులు అడ్డు నిలబడ్డారు. ఆయన వెళ్ళి మరికొందరిని తుపాకులతో వెంటబెట్టుకొచ్చాడు. కాల్పులు జరిగాయి. సంఘ సభ్యుడొకరు అక్కడే చనిపోయాడు. గాయపడ్డ క్లిఫ్ జేమ్స్ జైలులో చనిపోయాడు. అడ్డు నిలిచినవాళ్ళలో ఒకడైన నెడ్ కాబ్ పన్నెండేళ్ళు జైలులో గడిపాడు. చదువురాని ఆ మనిషి ముసలితనంలో చెప్పిన జీవితకథను థియోడార్ రోజెన్‌గార్టెన్ 1974లో పుస్తకంగా తెచ్చాడు.

అదే సంవత్సరాలు, అదే దేశం, అప్పు కోసం పశువుల్ని పట్టుకోవడం కూడా అదే. ఒకచోట ఐదు సెంట్ల పాటకు షెరిఫ్ తల వంచాడు, ఇంకోచోట తుపాకీ పేల్చాడు. తన వాకిట్లో తనకు బలం ఉంటుందన్నది కూడా అందరికీ ఒకేలా వర్తించదన్న మాట. ఓటు లేనివాడికీ, జాతి పేరుతో అణగదొక్కబడినవాడికీ ఇరుగుపొరుగు ఒక్కటే చాలలేదు. 1933 తర్వాత కేంద్ర ప్రభుత్వం పత్తి సాగు తగ్గించడానికి ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగాన్ని భూస్వాములు మింగి, పాలికాపుల్ని వెళ్ళగొట్టారు. సొంత భూమి ఉన్న రైతుల ఉద్యమం వాళ్ళను కాపాడలేదు. 1934లో ఆర్కన్సాస్‌లో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి సదరన్ టెనెంట్ ఫార్మర్స్ యూనియన్ పెట్టుకోవలసి వచ్చింది. రైతు సంఘం ఉంది కదా, వ్యవసాయ కార్మికులకు వేరే సంఘం ఎందుకని అడిగేవాళ్ళకు ఇదే జవాబు.

మన చట్టం ఏమంటోంది

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది. అందులో 21వ ఆర్డరు డిక్రీల అమలు గురించి చెబుతుంది. వేలం స్థలం గురించిన 74వ రూలు ఏ కార్యకర్తా మరిచిపోకూడనిది. చేలో ఉన్న పంటయితే ఆ చేలో గాని, చేను దగ్గర గాని వేలం వేయాలి. కోసిన పంటయితే కళ్ళం దగ్గర, లేదా కుప్ప, వామి ఉన్నచోట వేయాలి. దగ్గరలో జనం కూడే చోట పెడితే ఎక్కువ ధర వస్తుందని కోర్టు భావిస్తేనే అక్కడికి మార్చవచ్చు. అంటే స్థలం మార్చడానికి కారణం బాకీదారుకూ మేలు చేసేదై ఉండాలి. డిక్రీదారు సౌకర్యం కారణం కాదు.

అదే రూలులో ఇంకో మాట ఉంది. న్యాయమైన ధర రాలేదని వేలం వేసే అధికారికి అనిపించి, పంట యజమాని గాని ఆయన తరఫు మనిషి గాని వాయిదా అడిగితే, మర్నాటికి వాయిదా వేయాలి. ఆ చోట సంత జరుగుతుంటే వచ్చే సంత రోజుకు వేయాలి. అయితే రెండోసారి వచ్చిన ధరకు ఇచ్చేస్తారు. కాబట్టి ఆ మధ్య రోజుల్లో పాటగాళ్ళను పోగేసుకోవడం మన పని.

మిగిలినవి వరసగా చెబుతాను. వేలం సంగతి టముకు వేసి గాని, ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం గాని అక్కడే ప్రకటించాలి. కోర్టు గోడ మీద ప్రకటన అంటించిన నాటి నుంచి, బాకీదారు రాసి ఒప్పుకుంటే తప్ప, చరాస్తికి కనీసం 7 రోజులు గడవాలి. త్వరగా చెడిపోయే సరుకుకు మాత్రం ఈ గడువు లేదు. డిక్రీదారు కోర్టు అనుమతి లేకుండా పాట పాడకూడదు. వేలంతో సంబంధం ఉన్న ఉద్యోగులు అసలు పాడకూడదు. మూడోసారి అని కొట్టేసే లోపల బాకీ, ఖర్చులు కట్టేస్తే వేలం ఆపేయాలి. జప్తులో ఉన్న పంటను కోర్టు పెట్టిన షరతులకు లోబడి బాకీదారు కోసుకుని, కుప్ప వేసుకోవచ్చు. పశువుల్నీ పనిముట్లనూ వేరేచోటికి తోలుకుపోవడం కష్టమైతే, ఊళ్ళోనే ఒక పెద్దమనిషి అప్పగింతలో ఉంచమని అడిగే హక్కు 1976 సవరణతో వచ్చింది.

అసలు జప్తు చేయకూడనివి 60వ సెక్షనులో ఉన్నాయి. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీద నుంచి తీయకూడని నగలు. చేతిపనివాడి పనిముట్లు. వ్యవసాయదారుడు బతకడానికి అవసరమని కోర్టు భావించిన పశువులు, సేద్యపు సామాను, విత్తనాలు. వ్యవసాయదారుడూ కూలీ కాపురముంటున్న సొంత ఇల్లు. కూలి డబ్బు, ధాన్యంగా ఇచ్చే కూలి కూడా. స్వయంగా సేద్యం చేసుకుంటూ, వ్యవసాయం మీదనే ప్రధానంగా బతికే కౌలుదారూ వ్యవసాయ కూలీ కూడా వ్యవసాయదారు కిందికే వస్తారని 1976 సవరణ చెప్పింది. "ఈ రక్షణ నాకక్కర్లేదు" అని ముందే కాగితం రాయించుకున్నా అది చెల్లదనీ ఆ సవరణే చెప్పింది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. భూమి వేలంలో అక్రమం జరిగి నష్టపోతే, రద్దు చేయమని తర్వాతైనా కోర్టును అడగవచ్చు. చరాస్తి వేలానికి 78వ రూలు అడ్డొస్తుంది. ప్రకటనలోనో నడపడంలోనో పొరపాటు జరిగిందన్న కారణంతో ఆ వేలం రద్దు కాదు, నష్టపరిహారానికి వేరే దావా వేసుకోవాలి. పోయిన ఎద్దుల కోసం ఏళ్ళ తరబడి దావా నడిపే ఓపిక ఏ పేదవాడికుంటుంది? కాబట్టి చరాస్తి విషయంలో అభ్యంతరం వేలానికి ముందే రాతపూర్వకంగా పడాలి.

చట్టాన్ని తప్పించుకునే దారులు

ఇన్ని రూళ్ళుంటే మరి అన్యాయం ఎలా జరుగుతోంది? షావుకారుకు ఈనాడు కోర్టు గడప తొక్కవలసిన అవసరమే తగ్గిపోయింది. ట్రాక్టరు మీద, ఆటో మీద అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ తన మనుషులతో బండిని దారిలో ఆపి తీసుకుపోతుంది. పట్నం శివార్లలో యార్డులో పెడుతుంది. వేలం ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పాడారు అన్నది బండి పోగొట్టుకున్నవాడికి సరిగా తెలియదు. కొన్నాళ్ళకు ఇంకా ఇంత బాకీ ఉందని నోటీసు వస్తుంది. వసూళ్ళకు గూండాలను పంపడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది.

ఇక ఆడవాళ్ళ గ్రూపు అప్పులు. కిస్తీ కట్టలేదని ఇంటి ముందు కూర్చోవడం, తోటి సభ్యుల చేతనే సామాను బయట పెట్టించడం మనం చూస్తున్నదే. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో మైక్రో ఫైనాన్సు వేధింపులతో ప్రాణాలు పోయాక ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, తర్వాత చట్టం వచ్చాయి. కిస్తీలు ఇళ్ళ దగ్గర కాకుండా గ్రామ పంచాయతీ ఆఫీసులోనో, కలెక్టరు నిర్ణయించిన బహిరంగ స్థలంలోనో వసూలు చేయాలని ఆ చట్టం కట్టడి చేసింది. స్థలం విలువ తెలిసి పెట్టిన నిబంధన అది. కాని రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. అయినా చేతులు ఖాళీగా లేవు. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం మైక్రో ఫైనాన్సు అప్పుకు ఏ సొత్తూ తాకట్టు ఉండకూడదు. కిస్తీ వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోట జరగాలి. వరసగా రెండుసార్లో అంతకన్నా ఎక్కువో అక్కడికి రాకపోతేనే ఇంటికో పని దగ్గరికో రావాలి. ఉదయం 9కి ముందూ సాయంత్రం 6 తర్వాతా అడగకూడదు. అలాంటి అప్పుకు ఇంట్లో బిందె తీసుకుపోతే అది జప్తు కాదు, దౌర్జన్యం.

మన సంఘాలు చేయాల్సింది

ఒకటి, ఊళ్ళో జప్తు మాట వినపడగానే వారెంటు చూపించమని అడగాలి. కోర్టు వారెంటా, రెవిన్యూ బాకీయా, సహకార సంఘం బాకీయా, లేక ఉత్త కంపెనీ మనుషులా అన్నది ముందు తేల్చుకోవాలి. రెవిన్యూకూ, సహకార సంఘాలకూ వేరే చట్టాలున్నాయి. వాటిలో కూడా వేలం ఎక్కడ, ఏ రోజు, ప్రకటన ఎక్కడ వేశారు అని రాతపూర్వకంగా అడగాలి.

రెండు, పొద్దుగూకిన తర్వాత, తెల్లవారక ముందు జప్తు కోసం ఇంట్లో అడుగు పెట్టడానికి సివిల్ కోడ్ ఒప్పుకోదు. ఈ మాట ప్రతి ఆడమనిషికీ తెలియాలి. మగవాళ్ళు పనికి పోయినప్పుడు గుమ్మంలో నిలబడాల్సింది వాళ్ళే.

మూడు, 60వ సెక్షను కిందికి వచ్చే సామాను జాబితా రాసి, అమీనాకు ఒక కాపీ, కోర్టుకు ఒక కాపీ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకూ, ఆడవాళ్ళకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉంది. మండల న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టాలి.

నాలుగు, వేలం రోజున బాకీదారును ఒంటరిగా వదలకూడదు. పదిమందీ వెళ్ళి నిలబడాలి. ఎవరినీ కొట్టనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. ధర తక్కువైతే సంత రోజుకు వాయిదా అడగాలి.

అయిదు, ఫైనాన్సు కంపెనీలు ఎత్తుకుపోయిన బండ్లనూ యంత్రాలనూ బాకీదారు మండలంలోనే, పంచాయతీ నోటీసు బోర్డు మీద తేదీ వేసి, అందరి ఎదుట అమ్మాలని చట్టం చేయించడానికి ఆందోళన చేయాలి. చేలో పంట చేను దగ్గరే అమ్మాలని 1908లో తెల్లదొరలు రాయగలిగినప్పుడు, పేదవాడి ట్రాక్టరు పేదవాడి ఊళ్ళోనే అమ్మాలని మన శాసనసభలు ఎందుకు రాయలేవు? ఈ ప్రశ్న ప్రతి మండల మహాసభలోనూ తీర్మానంగా రావాలి.